మీసాలు చూసిన కన్ను

మా మాదిగవాడల నా ఈడు పిల్లలందరం జూన్ల, జూలైలనే పుట్టినం. బడి రిజిస్టరు తీసి చూడుండ్రి. జూన్ 10, జూన్ 15, జూలై 1. బళ్లు తెరిచేది ఆ దినాల్లనే గదా. మమ్ముల బడికి తోలుకపోతే సారు కుడిచెయ్యి నెత్తిమీదికెళ్లి తిప్పి ఎడమ చెవి అందుకోమన్నడు. అందితే ఐదేండ్లు నిండినట్టు. ఆ లెక్కన ఒక తారీఖు రాసిండు. మా అవ్వనడిగితే "పీర్ల పండుగ ముంగట, జొన్నకోతల్ల పుట్టినవు బిడ్డా" అంటది. అవ్వ మాటకు రిజిస్టరుల జాగ లేదు. సారు రాసిందే సర్కారుకు నిజం. అది అసలు వయసుకు ఏడాది ఎక్కువ ఉండొచ్చు, రెండేండ్లు తక్కువ ఉండొచ్చు. చదువుకాడ దీంతోటి ఏ పేచీ రాలేదు. ఆటలకాడ వచ్చింది.

బడిపిల్లల ఆటలను దేశమంతా నడిపేది స్కూల్ గేమ్స్ ఫెడరేషన్. 1954ల పుట్టింది. 14 ఏండ్లలోపు, 17 ఏండ్లలోపు, 19 ఏండ్లలోపు అని పిల్లలను విడగొట్టి ఆడిపిస్తది. ఈడుకు ఈడు ఆడాలె, పెద్దోడు చిన్నోని మీద పడొద్దు. ఇంతకంటె న్యాయమైన రూలు ఏముంటది? ఆడేటోనికి బోనఫైడ్ కావాలె. దాని మీద ఫొటో, సగం ఫొటో మీద సగం కాగితం మీద పడేటట్టు హెడ్మాస్టరు ముద్ర, రిజిస్టరుల ఉన్న పుట్టిన తారీఖు. సర్కారు బడైనా, ప్రైవేటు బడైనా ఫారం ఒక్కటే. కాగితం మీద అందరం సమానమే. సమానత్వం కాగితం మీద ఒక తీరుగ, బతుకుల ఇంకో తీరుగ ఉంటే ఏమైతదో 1949ల రాజ్యాంగసభ సాక్షిగ అంబేడ్కర్ హెచ్చరించిండు. ఆ హెచ్చరిక నాకు పుస్తకంల కాదు, కబడ్డీ గ్రౌండుల అర్థమైంది.

మా ఊరు నక్కవాగు ఒడ్డున ఉంటది. పటాన్‌చెరు చుట్టూ కంపెనీలు లేచినంక వాగునీళ్లు రంగు మారినయి. మా నాయిన కంపెనీల కాంట్రాక్టు కూలి. బడికి గ్రౌండుండె, డ్రిల్ సారు లేకుండె. కబడ్డీ మాకు ఎవ్వరూ నేర్పలేదు. కోతలైన మళ్లల్ల, ఎండిన చెరువుల, వెన్నెల రాత్రులు ఆడి నేర్చుకున్నం. బూట్లు లేవు. ఒకటే రంగు బనీన్లు లేవు. పటాన్‌చెరు పోయి స్టూడియోల ఫొటో దిగాలంటే ఏడుగురిల ముగ్గురి ఇండ్లల్ల ఆనాటి కూరగాయలు బందువెట్టిండ్రు. మమ్ముల ఆటలకు తోలుకపోయేది తెలుగు సారు. ఆయనకు కబడ్డీ తెల్వదు గని మా మీద పావురం ఉండె.

1993ల జోనల్ ఆటలు సంగారెడ్డిల అయినయి. అప్పుడది మెదక్ జిల్లాకు కేంద్రం, 2016 అక్టోబరుల సొంతంగ జిల్లా అయింది. మేం రెండు ఆటలు గెలిచి మూడో ఆటకు పోతే ఎదురుంగ ఒక ప్రైవేటు బడి జట్టు. పేరెందుకు, అసొంటి బళ్లు పట్టణానికి పది ఉన్నయి. సొంత బస్సు, బూట్లు, నీలం బనీన్లు. వాళ్ల రైడరు ఎవరని చూస్తే మా చిన్నాయిన కొడుకు! నాకంటె రెండేండ్లు పెద్దోడు. మా బడిలనే ఏడు దాకా చదివి, ఇల్లు గడవక బంజేసి, ఇటుకబట్టీల పనిచేసిండు. దసరాకు ఊర్ల ఆడుతుంటే ఆ బడోళ్లు చూసి "ఫీజు లేదు, హాస్టల్ల ఉండు, మాకు ఆడు" అని తీస్కపోయిండ్రు. మళ్ల ఎనిమిదిల చేర్చిండ్రు. చేర్చేటప్పుడు రెండేండ్లు తగ్గించి రాసిండ్రు. మా బడి రిజిస్టరుల 1975ల పుట్టినోడు వాళ్ల రిజిస్టరుల 1977ల పుట్టిండు.

తెలుగు సారు నన్ను పక్కకు పిలిచిండు. "ఏం చేద్దాంరా? మీ అన్ననే గదా" అన్నడు. "రాయుండ్రి సార్" అన్న. ఇప్పటికీ అదే అంట. మేం రాసింది మా అన్న మీద కాదు. తారీఖు మార్చిన చెయ్యి మీద.

ప్రొటెస్టు చెయ్యాలంటే ఫీజు కట్టాలంట. వంద రూపాయలు. ఓడితే తిరిగి రావు. సారు జేబుల బస్సుకిరాయి, మా దగ్గరున్న చిల్లర అంతా కలిపి కట్టినం. సారు తన చేతితోటి ఎక్కించుకొచ్చిన రిజిస్టరు నకలు చూపిచ్చిండు. కమిటీల కూసున్నోళ్లల్ల ఒకాయన ఆ బడి డ్రిల్ మాస్టరే. అన్నంపొట్లాలు, ముగ్గుపిండి, కప్పులు ఆ బడే ఇచ్చింది మరి. "నకలు మీద హెడ్మాస్టరు సంతకం, ముద్ర లేదు. చెల్లదు" అన్నరు. రూలు ప్రకారం కరెక్టే. మా హెడ్మాస్టరు ముప్పై కిలోమీటర్ల దూరంల ఉన్నడు.

అంతటితోటి ఆగితే బాగుండు. "వాళ్ల పిల్లలను గూడ చూద్దాం" అన్నరు. మా జట్టుల ఒకనికి మీసాలు నూగునూగుగ వస్తున్నయి. గడ్డం పట్టుకొని, మొఖం వెలుతురుకు తిప్పి చూసిండ్రు, సంతల కోడెను చూసినట్టు. "ఈ వాడల పిల్లల వయసు వీళ్ల అవ్వయ్యలకే తెల్వది" అన్నడొకాయన, నవ్వుకుంట. వాని బోనఫైడ్ల ఏడు అంకె మీద దిద్దుబాటుంది. మా బడిల గుమాస్తా లేడు, ఏదో క్లాసు పిల్లగాడు రాసిచ్చిన కాగితం అది. దిద్దుబాటు కాడ చిన్న సంతకం లేదు గనుక వాడు చెల్లడు. చెల్లనోన్ని ఆడిపిచ్చిండ్రు గనుక జట్టే చెల్లదు. వంద రూపాయలు పాయె, గెలిచిన రెండు ఆటలు గూడ పాయె.

ఆనాడు ఒక్క రూలు గూడ తప్పలేదు. రెండు సార్లు రూలే గెలిచింది. అబద్ధం శుభ్రంగ టైపు కొట్టి ఉండె, నిజం మీద దిద్దుబాటుండె. అంతే తేడా. వాళ్ల దగ్గర కాగితం చూసిండ్రు, మా దగ్గర ఒళ్లు చూసిండ్రు.

మా అన్న ఆ సాయంత్రం బస్సెక్కే ముందు నా దగ్గరికొచ్చి "తమ్మీ, ఆడ దినాం గుడ్డు పెడుతుండ్రు" అన్నడు. ఇంకేం అనలేదు. దానికి నా దగ్గర జవాబు లేకుండె, ఇప్పటికీ లేదు. సర్కారు బడిల గుడ్డు పెట్టినుంటే వాడు ఆ నీలం బనీను తొడిగేటోడే కాదు. తర్వాతి ఏడాది మోకాలు తప్పింది. ఆడలేనోనికి హాస్టలెందుకన్నరు. టీసీ అడిగితే రెండేండ్ల ఫీజు కట్టమన్నరు. "ఫీజు లేదు" అన్నది నోటిమాట, కాగితం మీద లేదు. పదో తరగతి పరీక్ష రాయకుండనే పాశమైలారంల క్యాజువల్ లేబర్ అయిండు. ఎన్ని కప్పులు గెలిచి ఇచ్చిండో, అవన్నీ ఆ బడి అద్దాల బీరువల ఉన్నయి.

ఇది ఇయ్యాల్టి పద్ధతి కాదు. ద్రోణుడు ఏకలవ్యునికి అడ్మిషన్ ఇయ్యలేదు, ఫీజు మాత్రం వసూలు చేసిండు. అర్జునున్ని మించినోడు ఉండొద్దని ముందే మాటిచ్చిండు గనుక. అది గూడ గురుదక్షిణ రూలు ప్రకారమే. మన సర్కారు 1961ల ఆటగాళ్లకు అర్జునుని పేర, 1985ల గురువులకు ద్రోణుని పేర అవార్డులు పెట్టింది. ఢిల్లీల ఎవ్వరికీ ఇది ఎబ్బెట్టుగ అనిపియ్యలేదు.

రూళ్లకేం కొదువ లేదు. ప్రైవేటు బళ్ల గుర్తింపుకు 1994 జనవరి 1న జీవో నంబర్ 1 వచ్చింది. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికి ఆటస్థలం ఉండాలన్నది. 6 నుంచి 8 తరగతుల్ల 100 మందికి మించి పిల్లలుంటే ఆటలు నేర్పెటందుకు పార్ట్‌టైం టీచరన్నా ఉండాలన్నది. పటాన్‌చెరు, రామచంద్రాపురం, అమీన్‌పూర్ తిరిగి చూడుండ్రి. కింద దుకాణాలు, మీద తరగతులు, ఆ మీద నీళ్లట్యాంకి. ఆటస్థలం ఏ అంతస్తుల ఉందో గుర్తింపిచ్చినోళ్లే చెప్పాలె. అసొంటి బడి స్పోర్ట్స్ డే చెయ్యాలంటే సర్కారు బడి గ్రౌండే దిక్కు. ఆ గ్రౌండున్న బడికి డ్రిల్ సారు రాడు. బోనఫైడ్ల దిద్దుబాటు దొరకబట్టే కండ్లకు నాలుగంతస్తుల బిల్డింగు కండ్లవడదు.

ఇప్పుడు వయసు తేల్చనీకి మణికట్టుకు ఎక్స్‌రే తీస్తున్నరు. తియ్యనీ. కాకపోతే ఎముక గూడ పుట్టిన తారీఖు చెప్పది, ఎంత ముదిరిందో చెప్తది. కడుపునిండ తినని పిల్లల ఎముకలు ఆలస్యంగ ముదురుతయని డాక్టర్లే అంటరు. ఆకలి గూడ చదివి తీర్పు చెప్పే యంత్రం ఇంకా రాలేదు.

మన పిల్లలకు తిండి, గురువు, గ్రౌండు దొరికితే ఏమైతదో చూసినం. 2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు మాలావత్ పూర్ణ, ఆనంద్‌కుమార్ ఎవరెస్టు ఎక్కిండ్రు. అవే గురుకులాలల్ల చదివిన చాయమ్ముకునేటాయన బిడ్డ అగసర నందిని 2023ల హాంగ్‌జౌ ఆసియా క్రీడల్ల హెప్టాథ్లాన్ కంచు పతకం గెలిచింది. గెలిచిన దినాలల్లనే నాలుగో స్థానంల వచ్చిన తోటి క్రీడాకారిణి ఆమె ఆడపిల్లే కాదన్నట్టు రాసింది. రుజువు లేదు. తర్వాత ఆ రాత తీసేసుకున్నది. రాత పోయింది గని ఆ చూపు నాకు కొత్త గాదు. పేదింటి బిడ్డ గెలిస్తే మొదలు ఒళ్లు మీదికే పోతది అనుమానం.

మేం రూళ్లు వద్దంటలేం. రూలు గట్టిగుంటె మొదలు బాగుపడేది మేమే. ఆటలకు నెల ముందల రెండు తీర్ల బళ్ల రిజిస్టర్లు పక్కపక్కన పెట్టి చూడాలె. ఒక బడిల నుంచి ఇంకో బడికి పోయిన పిల్లగాని తారీఖు పాత బడిల అడిగి రాయాలె. ఆటకోసం తీస్కపోయినోన్ని ఆట ఆగినా పదో తరగతి దాకా చదివిపిస్తమని కాగితం మీద రాసియ్యాలె. జట్టు దింపిన బడోళ్లు కమిటీల కూసోవద్దు. ప్రొటెస్టుకు పైసలు అడగొద్దు. పైసలుంటేనే అడగొచ్చంటే అది న్యాయం గాదు, టికెట్టు.

ఇయ్యాల సంగారెడ్డిల అంబేడ్కర్ పేరు మీద స్టేడియం ఉంది. ఆ పేరు గేటు మీదుంటే సరిపోదు, లోపల కమిటీ బల్ల దాకా రావాలె. మా పిల్లగాని మీసాలు చూసిన కన్ను వాళ్ల రిజిస్టరు గూడ చూడాలె.