జోడు తీయించేద్దామంటావా వదినా!

ఏందొదినా, మీ చిన్నోడు కళ్లకి లేజర్ చేయించుకుంటా, డబ్బులు సర్దమని కూర్చున్నాడంట గదా? పొద్దున నీళ్లు పట్టుకుంటుంటే మీ అమ్మాయి చెప్పింది. వాడు రైలింజన్ నడిపే ఉద్యోగానికి చదువుతున్నాడు, కళ్లజోడుంటే తీసుకోరు, కాబట్టి జోడు తీయించేస్తే సరిపోద్దనుకుంటున్నాడు. తిరకాసంతా అక్కడే ఉంది. అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టుకి రైల్వేవాళ్లు ఏ-1 అని కంటిచూపు ప్రమాణం పెట్టారు. రెండు కళ్లూ జోడు లేకుండా 6/6 ఉండాలి. లాసిక్ లాంటి ఆపరేషన్‌తో చూపు సరిచేయించుకున్నోళ్లు ఆ పోస్టుకి పనికిరారని నోటిఫికేషన్‌లోనే రాస్తారు. జోడున్నా తీసుకోరు, జోడు తీయించుకున్నా తీసుకోరు. వీడేమో అప్పు చేసి మరీ ఆ తలుపు మూయించుకుంటానంటున్నాడు.

చేయించుకున్నాక ఎవడికి తెలుస్తుందిలే అంటాడేమో. మిషన్ ముందు గడ్డం ఆనించి కూర్చోబెడితే నల్లగుడ్డు వంపంతా రంగుల పటంలా కంప్యూటర్లో పడుద్ది. ఎక్కడ చెక్కారో అక్కడ తేడా కనబడుద్ది. వాణ్ణి తిట్టకులే, రైల్వేలోనే క్లర్కు పోస్టుల్లాంటివి జోడుతో కూడా ఇస్తారు. వాడసలే లెక్కల్లో దిట్ట. నాలుగు మంచి మాటలు చెప్పి అటు తిప్పు.

అమ్మాయి సంగతి వేరు. జోడుందని రెండు సంబంధాలు వెనక్కిపోయాయన్నావు చూడు, అందుకోసమైతే నేను ఒప్పుకోను. జోడు చూసి పోయేవాడు రేపు ఇంకోటి చూసి పోతాడు. కానీ తనకే జోడు విసుగొచ్చి, చెమటకి ముక్కు మీద నిలవక, వానలో ఏమీ ఆనక, తీయించుకుంటానంటే మాత్రం చక్కగా పంపించు. పద్దెనిమిది ఏళ్లు ఎప్పుడో దాటాయి, పవరు కూడా ఏళ్ల తరబడి మైనస్ నాలుగు దగ్గరే ఆగింది గదా. ఏడాదిగా పవరు మారకుండా ఉండాలి, వాళ్లు మొదట అడిగేది అదే.

ఆ తర్వాత చూసేది మందం. నల్లగుడ్డు ముందు తేటగా ఉండే పొర ఉంది చూడు, కార్నియా అంటారు, అది మొత్తం కలిపి అర మిల్లీమీటరు. వాళ్లు మైక్రాన్లలో కొలుస్తారు, మిల్లీమీటరులో వెయ్యోవంతన్నమాట. చాలామందికి 540 అటూ ఇటూగా ఉంటుంది. లాసిక్‌లో ముందు పైన ఓ 110 మైక్రాన్ల పలక లేపుతారు, డబ్బా మూతలాగా ఒక పక్క అంటుకునే ఉంటుంది. దాని కింద లేజర్‌తో చెక్కుతారు. ఒక్కో పాయింటు పవరుకి 12 నుంచి 15 మైక్రాన్ల దాకా పోతాయి. మీ అమ్మాయికి నాలుగు పాయింట్లంటే 60 వేసుకో. 540లో 110 పోయి, 60 పోయి, ఇంకా 370 మిగులుద్ది. అడుగున కనీసం 250 మిగలాలని లెక్క, అంతకంటే ఎక్కువుంటే డాక్టర్లకి ఇంకా ధైర్యం. అదే మందం 480 ఉండి పవరు తొమ్మిది ఉన్న పిల్లనుకో, 110, 135 తీసేస్తే మిగిలేది 235. మేం చేయం అనేస్తారు. ఎంత డబ్బు పోస్తానన్నా మంచి డాక్టరు చేయడు. పలచబడ్డ పొర లోపలి ఒత్తిడికి ముందుకి ఉబ్బుకొచ్చి, ఉన్న చూపు కూడా వంకరపోద్ది. కొందరికి ముందు నుంచే ఆ బలహీనత లోపల దాగి ఉంటుంది, అది పట్టుకోవడానికే ఆ రంగుల పటం. పండగ ఆఫర్, రెండు కళ్లకీ ఇంత అని ఫోన్లో ఊదరగొట్టేవాళ్లున్నారు గానీ, ఈ కొలతలు చెప్పకుండా ముందు రేటు చెప్పారంటే ఆ గుమ్మం తొక్కొద్దు.

ఈ లేజర్ కథ మొదలైంది కోడి ఎముక మీదంటే నమ్ముతావా? అమెరికాలో ఐబీఎం కంపెనీ ల్యాబులో రంగస్వామి శ్రీనివాసన్ అని, మద్రాసులో చదువుకుని వెళ్లినాయన ఉండేవాడు. 1981లో వాళ్ల థాంక్స్‌గివింగ్ పండగ మర్నాడు ఇంట్లో మిగిలిన టర్కీ కోడి ముక్కలు పట్టుకొచ్చి ఎక్సైమర్ లేజర్‌తో కోసి చూశాడు. కోసిన చోటు నున్నగా ఉంది, పక్కన ఎక్కడా మాడలేదు. మనమైతే దసరా మర్నాడు మిగిలిన కూర వేడిచేసుకుని తిని పడుకుంటాం. తర్వాత కంటి డాక్టర్లు దాన్ని అందిపుచ్చుకున్నారు.

మా చెల్లెలికి హైదరాబాద్‌లో చేయించినప్పుడు నేనే వెంట ఉన్నా. మత్తివ్వరు, కంట్లో చుక్కలే వేస్తారు. కన్ను కదలకుండా రింగు పెట్టి పట్టినప్పుడు కాసేపు చూపంతా నల్లబడిందంట, అప్పుడే భయపడింది. తర్వాత మినుకుమినుకుమనే లైటు వంకే చూడమన్నారు. టకటకమని చప్పుడు, జుట్టు కాలినట్టు వాసన. నిజానికి ఏదీ కాలదు, ఆ వాసన మాత్రం చాలామందికి వస్తుందంట. లేజర్ కొట్టింది ఒక్కో కంటికి నిమిషం కూడా లేదు. ఆ సాయంత్రం మాత్రం మంటలు, ధారగా నీళ్లు, దీపం చూడలేక దుప్పటి ముసుగేసుకుని పడుకుంది. తెల్లారి లేచి గోడ మీది క్యాలెండర్లో తిథులు చదివేసింది! అయితే కొన్నాళ్లపాటు రాత్రిళ్లు లారీ లైట్ల చుట్టూ వెలుగు చక్రాలు కనబడేవి. కళ్లు పొడిబారి చుక్కల మందు నెలల తరబడి సంచిలో ఉండేది. ఇవి ముందే తెలిస్తే కంగారుండదు.

మన ఊళ్లో అయితే దుమ్మే పెద్ద తలనొప్పి. కోయగూడెం ఓపెన్‌కాస్ట్ బొగ్గు లారీలు పోతుంటే అరుగు మీద వేలితో పేరు రాయొచ్చు. చేయించుకున్న కొత్తలో కన్ను నలిపితే ఆ మూత జరిగిపోద్ది. అందుకని వానాకాలం చూసుకుని, ఓ పది రోజులు మీ అక్కగారింట్లో ఉంచి తీసుకురా.

ఇంకోటి, మీ అత్తగారు కూడా ‘నాకూ ఆ లేజర్ కొట్టించండే’ అంటుందన్నావు. ఆమెది ఇది కాదు. దగ్గరి అక్షరాలు ఆనకపోవడం నలభై దాటాక వచ్చే చత్వారం. దానికి మన కంటి వెలుగు క్యాంపులో ఇచ్చిన జోడు ఉండనే ఉంది, 2023 జనవరి 18న ఖమ్మంలో మొదలుపెట్టిన విడతలో ఇచ్చింది. లేజర్ చేయించుకున్న మా చెల్లెలికి కూడా నలభై దాటాక ఆ జోడు రాక తప్పదు, లేజర్ దాన్ని ఆపలేదు. ఇప్పుడు మీ అత్తగారికి దూరం మసకేస్తుందంటే శుక్లం ముదిరి ఉంటుంది. దానికి చేసే ఆపరేషనంటే చిన్న గాటు పెట్టి, మసకబారిన లెన్సుని శబ్ద తరంగాలతో ముక్కలు చేసి, తీసి, కొత్తది పెట్టడం. ఆ తర్వాత ఎప్పుడైనా మళ్లీ పొర మసకేస్తే దానికొక లేజర్ కొడతారు, ఊళ్లో వాళ్లు అన్నీ కలిపేసి అదీ ఇదీ ఒకటే అనుకుంటున్నారు. ఆమె కోసం హైదరాబాద్ దాకా ఎందుకు, పాల్వంచలో నవభారత్ కంటి ఆసుపత్రి ఉంది గదా, ఎల్వీ ప్రసాద్ వాళ్లదే. సినిమాల ఎల్వీ ప్రసాద్ గారి పేరు మీద 1987లో హైదరాబాద్‌లో గుళ్లపల్లి నాగేశ్వరరావు డాక్టరు గారు పెట్టినదాని శాఖే. కొత్తగూడెం మీదుగా బస్సెక్కిస్తే మధ్యాహ్నానికి చూపించుకుని రావచ్చు.

అమ్మాయిని తీసుకెళ్లే ముందు కంట్లో పెట్టుకునే లెన్సులు వాడుతుంటే వాటిని కనీసం రెండు వారాలు మానిపించు, లేకపోతే కొలత తప్పొస్తుంది. అన్నట్టు, జోడు కొన్నప్పుడల్లా పవరు రాసిచ్చిన పాత చీటీలు దాచావా, పొయ్యిలో పెట్టేశావా?