గడప లేని మనిషి

2020 మార్చి 24 రాత్రి 8 గంటలకి ప్రధాని మోడీగారు టీవీలో మాట్లాడింది మీకూ గుర్తుండే ఉంటుంది. కరోనా వచ్చింది, 21 రోజులు గడప దాటొద్దన్నారు. మేమంతా తలుపులేసుకున్నాం. మా ఎదురుగా గుడి మెట్ల మీద పడుకునే ముసలమ్మకి గడపేదీ?

గుడి మూశారు, ప్రసాదం లేదు. సందు చివర హోటలు మూశారు, మిగిలిన ఇడ్లీ లేదు. రోజూ చిల్లర వేసే మా వీధివాళ్ళెవరూ భయంతో అటు చూడలేదు. అబద్ధమెందుకు, నేనూ అంతే.

ఏప్రిల్ 5 రాత్రి 9 గంటలకి లైట్లార్పి దీపాలు పెట్టాం కదా! ప్రమిద వెలిగించి తలెత్తితే, చీకట్లో ఆవిడ మా దీపాలకేసే చూస్తోంది. గుండె కలుక్కుమంది. పన్నెండు రోజులు ఏం తిన్నదో!

మర్నాడు ముక్కుకి గుడ్డ కట్టుకుని, విస్తరాకులో పప్పన్నం మెట్టు మీద పెట్టి దూరం జరిగాను. "వీధందరికీ జబ్బు తెస్తావా?" అని పక్కింటి వదినగారు కేకలేశారు. నాలుగోనాటికి ఆవిడే మజ్జిగచెంబు అందించారనుకోండి.

ముసలమ్మ ముద్ద కలుపుతూ, "ఊరంతా ఏమైపోయింది తల్లీ?" అని అడిగింది. ఆవిడకెవరూ చెప్పనేలేదు!

పెద్దలు టీవీలో చెబుతారు. టీవీ లేనివాళ్ళకి చెప్పాల్సింది మనమే కదండీ?