గ్లాసు చప్పుడు

ఆ పుస్తకం 2016 చలికాలంలో ఒక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికింది. అట్ట చిరిగి, పేజీల అంచులు చెమ్మకు ఉబ్బి ఉన్నాయి. షిర్లీ జాక్సన్ రాసిన ‘ది హాంటింగ్ ఆఫ్ హిల్ హౌస్’. దయ్యాల కొంప కథ కదా, రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వదని 60 రూపాయలిచ్చి తెచ్చుకున్నాను. మెలకువగా ఉండడం అప్పట్లో నాకు అవసరం.

అంతకు ఏడాదిన్నర ముందు అమ్మకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దగా వచ్చేది, పిలిస్తే పక్క గదిలోకి వినపడేది కాదు. అందుకని ఎడమ చేతికి అందేలా తన స్టీలు గ్లాసు పెట్టేదాన్ని. పెళ్లికి పుట్టింటివాళ్లు పెట్టిన గ్లాసు అది. అంచు కింద చుక్కచుక్కలుగా అమ్మ పేరు చెక్కి ఉంటుంది. దానితో మంచం కమ్మీ మీద కొట్టేది. మంచినీళ్లకైతే రెండు దెబ్బలు, మిగతా వాటికి నేను వచ్చేదాకా. తమ్ముడు బెంగళూరు నుంచి నెలనెలా డబ్బు పంపేవాడు. “నువ్వున్నావనే ధైర్యం అక్కా” అనేవాడు ఫోన్లో.

నవలలో ఎలినార్‌కు 32 ఏళ్లు. అందులో పదకొండేళ్లు మంచాన పడ్డ తల్లికి చాకిరీ చేయడంలోనే పోయాయి. తల్లి పోయాక అక్క ఇంట్లో, పసిపిల్ల గదిలో, మడత మంచం మీద పడుకుంటూ ఉంటుంది. ఎవరూ నిలవని ఒక బంగళాలో కొన్నాళ్లుండి అక్కడేం జరుగుతుందో చూద్దాం రమ్మని డాక్టర్ మాంటేగ్ అనే ఆయన ఉత్తరం రాస్తాడు. ఆమెను రమ్మన్నవాళ్లు అంతకు ముందెవరూ లేరు. అక్కతో ఉమ్మడిగా కొన్న కారును చెప్పకుండా తీసుకుని వెళ్లిపోతుంది. నేనక్కడే ఈ కథకు దొరికిపోయాను.

ఆ ఇంటిని కట్టినవాడు హ్యూ క్రెయిన్. ఏ మూలా సరిగ్గా మూలమట్టానికి ఉండదు, అన్నీ పిసరంత తేడాగానే ఉంటాయి. ఏ ఒక్క తేడా కంటికి ఆనదు గానీ అన్నీ కలిసి మనిషికి కళ్లు తిరిగేలా చేస్తాయి. తెరిచిపెట్టిన తలుపులు వాటంతటవే మూసుకుంటాయి. పుస్తకం మొత్తంలో దయ్యం సూటిగా కళ్లబడదు. రాబర్ట్ వైజ్ 1963లో తీసిన బ్లాక్ అండ్ వైట్ సినిమాలోనూ అంతే, భయపెట్టేది ఎక్కువగా చప్పుడే.

ఆ చప్పుడు మొదలయ్యే చోటుకు వచ్చేసరికి రాత్రి ఒంటిగంట దాటింది. నడవాలో బాదుతున్న చప్పుడుకు సగం మెలకువ వచ్చి, తల్లే గోడ కొడుతోందనుకుని, వస్తున్నానంటూ లేస్తుంది ఎలినార్. నేనా పేజీలో ఉండగానే పక్క గదిలో గ్లాసు మోగింది. రెండు దెబ్బలు.

నేను కదల్లేదు. భయపడి కాదు. ఈ పేజీ అయ్యాక లేద్దామనుకున్నాను, అదయ్యాక ఇంకో పేజీ. గ్లాసు మళ్లీ మోగలేదు. పుస్తకం గుండెల మీద పెట్టుకునే నిద్రపోయాను.

పొద్దున వెళ్లేసరికి అమ్మ మేలుకునే ఉంది. ఎడమ చేత్తో నీళ్ల సీసా అందుకోబోయినట్టుంది, దిండు తడిసి ఉంది, పెదాలు ఎండి ఉన్నాయి. నన్ను చూసి ముఖం గోడవైపు తిప్పుకుంది. దిండు గలీబు మారుస్తుంటే తల ఎత్తడానికి సాయపడింది గానీ, నావైపు చూడలేదు.

అయినా చదవడం మానలేదు. చీకట్లో భయంతో పక్కమనిషి చేతిని గట్టిగా పట్టుకున్నాననుకుంటుంది ఎలినార్. దీపం వెలిగేసరికి ఆ మనిషి గదిలో ఆ చివర తన మంచం మీద ఉంటుంది. ఇంతసేపూ పట్టుకున్నది ఎవరి చెయ్యి? అందరూ గుర్తుపెట్టుకునే ఘట్టం ఇదే. నన్ను పడగొట్టింది మాత్రం ఇంకా తర్వాత, ఏ హడావుడీ లేకుండా వచ్చే నాలుగు మాటలు. తల్లి పోయిన రాత్రి మందు కోసం గోడ కొట్టిందని, తను లేచి మళ్లీ పడుకుందో, అసలు లేవనే లేదో తనకే తెలియదని ఎలినార్ చెబుతుంది. పుస్తకం మూసి తీసుకెళ్లి బియ్యం డబ్బా వెనక పెట్టేశాను.

అమ్మ మరుసటి ఏడాది వర్షాకాలంలో పోయింది. మధ్యాహ్నం, నేను తల దువ్వుతుండగా. పెద్దకర్మ అయ్యాక డబ్బా వెనకనుంచి పుస్తకం తీసి, మళ్లీ మొదటినుంచి చదివాను. జాక్సన్ గురించి కూడా దొరికినంతా చదివాను. నలుగురు పిల్లలను పెంచుతూ, వెర్మాంట్‌లోని నార్త్ బెన్నింగ్టన్‌లో ఇంటి పని చేసుకుంటూ 1959లో ఈ నవల అచ్చువేయించింది. ఆమె ఒడ్డూ పొడవూ బాగాలేవని తల్లి ఉత్తరాల్లో ఎత్తిపొడుస్తూనే ఉండేది. తర్వాత కొన్నాళ్లు ఇల్లు దాటి బయటికి రావాలంటేనే వణికిపోయింది. 1965లో, 48 ఏళ్లకే, నిద్రలో పోయింది. ఇల్లు మనిషిని ఎలా మింగుతుందో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తనకూ ఒక ఇల్లుందని, అందులో రాతి సింహాలున్నాయని ఎలినార్ కొత్త స్నేహితురాలికి అబద్ధం చెప్పే చోట మొదటిసారి నవ్వుకున్నాను. రెండోసారి కళ్లు తుడుచుకుని చదవాల్సి వచ్చింది.

ఇల్లు ఖాళీ చేద్దామని తమ్ముడూ మరదలూ వచ్చారు. “మాతో వచ్చెయ్యక్కా, పిల్లల గదిలో ఇంకో మంచం పడుతుంది” అన్నాడు తమ్ముడు. ప్రేమగానే అన్నాడు. రానన్నాను. ఎందుకో వాడికి చెప్పలేకపోయాను.

బంగళాకు వెళ్లే దారిలో ఎలినార్ భోజనానికి ఆగుతుంది. అక్కడొక చిన్నపిల్ల, అడుగున నక్షత్రాలున్న తన కప్పులో పోస్తే తప్ప పాలు తాగనంటుంది. ఒప్పుకోవద్దని ఎలినార్ లోలోపలే ఆ పిల్లను బతిమాలుకుంటుంది.

గిన్నెలు సర్దుతూ మరదలు అమ్మ గ్లాసు పైకెత్తి చూసింది. “ఇది సొట్టలు పోయింది వదినా, పాతసామానువాడికి వేసేద్దామా?” అంది. కమ్మీకి తగిలి తగిలి అంచు లోపలికి వంగింది. అమ్మ పేరులో చివరి అక్షరం చెరిగిపోయింది. తీసుకుని కొంగుతో తుడిచాను. ఆ రాత్రి దాన్నిండా నీళ్లు పట్టి, నా మంచం పక్కన, ఎడమ చేతికి అందేలా పెట్టుకున్నాను.