నోటు మీద కవయిత్రి

లక్ష్మీ సరస్వతులు అత్తాకోడళ్ళుట. ఒక ఇంట్లో ఇమడరుట! నా మొదటి నవల పారితోషికం కోసం ఏడాదిన్నర పాటు ఉత్తరాలు రాసినదాన్ని కనుక, ఆ మాట నేనూ నమ్మేశాను. కానీ ఆ ఇద్దరూ ఒకే కాగితం మీద పద్దెనిమిదేళ్ళకు పైగా సర్దుకుపోయిన దేశం ఒకటుంది సుమండీ!

బాల్టిక్ సముద్రం ఒడ్డున, రష్యా పక్కన ఉన్న ఎస్టోనియా అది. జనం పదమూడు, పద్నాలుగు లక్షలు. మా ఆడపడుచు కొడుకు అక్కడ టాలిన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. కిందటేడు వస్తూ నాకోసం పాత నోటొకటి తెచ్చాడు. వంద క్రోన్‌లు. మావారు కళ్ళజోడు సవరించుకుని, "ఎవర్రా ఈవిడ, మహారాణా?" అన్నారు.

"కాదు మామయ్యా, కవయిత్రి."

మావారు నోటు వైపొకసారి, నా వైపొకసారి చూశారు. ఆ చూపుకి అర్థం నేను రాయను!

ఆవిడ పేరు లిదియా కోయిదులా. 1843లో పుట్టింది. చదువంతా జర్మన్‌లో. ఎస్టోనియన్ అంటే పల్లెటూరి రైతుల భాష అని దొరలు చిన్నచూపు చూసే కాలం అది. ఆవిడ ఆ భాషలోనే రాసింది. తండ్రి నడిపే పత్రికకి చేదోడయింది. 1867లో అచ్చయిన కవితల పుస్తకం మీద పేరైనా వేసుకోలేదు. 1886లో, సొంతగడ్డకి దూరంగా క్రోన్‌స్టాట్‌లో కన్నుమూసింది. తరవాత సోవియట్ ఏలుబడిలో సొంత జాతీయగీతం పాడుకోవడానికి వీల్లేని రోజులొచ్చాయి. అప్పుడు ఎర్నెసాక్స్ 1944లో బాణీ కట్టిన ఆవిడ పద్యాన్నే జనం తమ గీతంగా పాడుకున్నారు. అలాంటి మనిషిని నోటు మీద పెట్టుకోరూ మరి!

మిగతా నోట్లూ అలాంటివే. అయిదు మీద చదరంగం ఆటగాడు కేరెస్, పది మీద జానపద పాటలు పోగుచేసిన హుర్ట్, పాతిక మీద నవలా రచయిత తమ్‌సారె. ఒక్క రాజు గానీ, కత్తి పట్టిన సేనాపతి గానీ లేడు. నాబోటి నవలల వాళ్ళకి పాతికేనా అని కాస్త చిన్నబుచ్చుకున్నాను. ఇంతకీ ఆవిడకి 'ఉషస్సు'ని తలపించే కోయిదులా అన్న కలంపేరు పెట్టింది యాకోబ్సన్. ఆయనది అయిదువందల నోటు. చూశారా, పేరు పెట్టిన మగాయనకి అయిదింతలు!

ఈ క్రోన్‌కి రెండు జన్మలు. మొదట 1928లో పుట్టింది. 1940లో సోవియట్ సైన్యం వచ్చాక దాన్ని తీసేసి రూబుల్ పెట్టారు. మళ్ళీ 1992 జూన్ 20న వచ్చింది. పది రూబుళ్ళకి ఒక క్రోన్, అదీ మనిషికి 1500 రూబుళ్ళ వరకే. అంటే చేతికి నూటయాభై క్రోన్‌లు. ఎనిమిది క్రోన్‌లు ఒక జర్మన్ మార్కు అని ధర కట్టి నిలబెట్టారు. యుద్ధానికి ముందు పరదేశపు బ్యాంకుల్లో దాచుకున్న బంగారం తిరిగి రావడం అందుకు అండ అయింది.

అంత ఆరాటపడి తెచ్చుకున్న దాన్ని 2011 జనవరి 1న వాళ్ళే వదులుకుని యూరోలో కలిశారు. యూరో నోట్ల మీద కిటికీలు, వంతెనలే గానీ కవులెవరూ లేరు. నాకు ప్రాణం ఉసూరుమంది. కానీ ఆలోచిస్తే, మెళ్ళో గొలుసు దొంగ తెంచుకుపోవడం వేరు, పిల్ల పెళ్ళికని మనమే తీసి ఇవ్వడం వేరు. రెండిట్లోనూ మెడ బోసిపోతుంది. కానీ రెండోసారి తలుపు గడియ పెట్టుకుని ఏడవం.

పైగా వాళ్ళ బ్యాంకు మాట తప్పలేదు. ఒక యూరోకి 15.6466 క్రోన్‌ల లెక్కన, ఎన్నేళ్ళకి తీసుకెళ్ళినా మార్చి ఇస్తుంది, గడువే లేదు. వంద నోటుకి ఆరు యూరోల ముప్ఫైతొమ్మిది సెంట్లు వస్తాయి. ఆ లెక్క వేసింది మావారే. "మార్పించెయ్యమందామా?" అన్నారు కూడా. కోడలు ఒప్పుకున్నా అత్తగారు ఒప్పుకోదన్నాను.