కీ తీశాక కరెంటు తాగేదెవరు?

ఇచ్ఛాపురం నుంచి విశాఖ దాకా పదహారో నంబరు హైవే మీద పాట లేకుండా పోయే కారు మీకెప్పుడైనా కనిపించిందా? నాకైతే చాలా అరుదు. మనవాళ్లకు కారు కొన్నాక మొదటి ముచ్చట పాటలదే. కంపెనీ ఇచ్చిన స్టీరియో ఆనదు. పెద్ద తెర ఉన్న ఆండ్రాయిడ్ స్టీరియో కావాలి, డిక్కీలో ఊఫరు కావాలి, సీటు కింద యాంప్లిఫయరు కావాలి. కావాలి మరి! 1919లో ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాలుగా సంగీత కళాశాల వెలిసిన విజయనగరం మనది. ఘంటసాల వచ్చి పాట నేర్చుకున్నదీ అక్కడే. పాట మీద మమకారాన్ని నేనెందుకు తప్పుపడతాను? నా బాధల్లా ఆ సిస్టమ్‌కి వైర్లు కలిపిన తీరు గురించే.

ఏం జరుగుతుందో మీకూ తెలుసు. పండక్కి ఊరొచ్చిన కారు రెండు రోజులు ఇంటి ముందు కదలకుండా ఉంటుంది. కనుమ నాడు చుట్టాలింటికి బయల్దేరదామని కీ తిప్పితే టకటకమంటుందే గానీ సెల్ఫు పట్టదు. నలుగురూ తోస్తే స్టార్టవుతుంది. "బేటరీ పోనాది బావూ, కొత్తది ఏసీయండి" అంటారు చూసినవాళ్లు. వేలు పోసి కొత్తది వేయిస్తారు. మళ్లీ రెండు రోజులు ఆగితే మళ్లీ అదే టకటక. ఈసారి బ్యాటరీ కంపెనీకి తిట్లు. పాత బ్యాటరీ ఏ పాపమూ ఎరగదు, కొత్తదీ ఎరగదు. కీ తీశాక కూడా ఏదో లోపల కూర్చుని తాగుతోంది.

కొంచెం తాగడం మామూలే. గడియారం, రిమోటు తాళం, ఇంజను కంప్యూటరు జ్ఞాపకం, వీటన్నిటికీ కలిపి ఇరవై నుంచి యాభై మిల్లీయాంపులు పోతుంటాయి. యాభై అనుకున్నా రోజుకి 1.2 యాంపియర్ అవర్లు. చిన్న కార్లలో ఉండే 35 యాంపియర్ అవర్ల బ్యాటరీ ఆ లెక్కన రెండు వారాలు ఆగినా సెల్ఫు కొడుతుంది. అదే స్టీరియో నిద్రపోకుండా అర యాంపు లాగుతుంటే రోజుకి 12 పోతాయి. రెండో రాత్రి గడిచేసరికి బ్యాటరీ మూడింట రెండొంతులు ఖాళీ.

స్టీరియో వెనక పసుపు వైరు, ఎర్ర వైరు ఉంటాయి. పసుపుది ఎప్పుడూ బ్యాటరీకి కలిసే ఉండాలి, స్టేషన్లూ టైమూ గుర్తుంచుకోడానికి. ఎర్రదానికి కీ తిప్పితేనే కరెంటు రావాలి. కీ లేకుండా పాటలు వినాలని మనం అడుగుతాం, బిగించే కుర్రాడు రెండూ కలిపి టేపు చుట్టేస్తాడు. ఇక ఆ స్టీరియోకి బండి ఆగిందన్న సంగతే తెలీదు. తెర నల్లగా ఉంటుంది, లోపల మెలకువగానే ఉంటుంది. ఈ రెండు వైర్లూ తారుమారైతే అది వేరే కథ. కీ తీసిన ప్రతిసారీ టైమూ స్టేషన్లూ చెరిగిపోతాయి.

యాంప్లిఫయరు ఇంకా గట్టిది. దానికి స్టీరియో నుంచి నీలం-తెలుపు చారల సన్నటి వైరు ఒకటి వస్తుంది, "లే" అని చెప్పడానికి. ఆ వైరు పొడవు చాలకపోతే కొందరు దగ్గర్లో ఏ కరెంటు దొరికితే దానికి కలిపేస్తారు. అది బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేదైతే యాంప్లిఫయరు తెల్లవార్లూ మేలుకునే ఉంటుంది. పాట లేకున్నా యాంపు దాకా లాగగలదు. దీన్ని పట్టుకోడానికి మీటరు కూడా అక్కర్లేదు. పొద్దున్నే డోరు తీసి దాని మీద చెయ్యి పెట్టండి. రాత్రంతా ఆగిన బండిలో అది వెచ్చగా ఉందంటే దొరికినట్టే.

చేత్తో తేలకపోతే మల్టీమీటరు తియ్యాలి. ముందు బానెట్ ఎత్తి, డోరు గొళ్లేన్ని స్క్రూడ్రైవరుతో నొక్కి పెట్టాలి, బండి డోరు మూసుందనుకునేలా. అరగంట ఆగాలి. లోపలి కంప్యూటర్లు నిద్రలోకి జారుకోడానికి అంత టైము పడుతుంది. తొందరపడి కొలిచినవాళ్లకే తప్పుడు అంకెలు వస్తాయి. నెగెటివ్ టెర్మినల్ విప్పి, దానికీ వైరుకీ మధ్య మీటరును పది యాంపులకు పెట్టి కలపాలి. విప్పి కలిపితే బండి మళ్లీ లేస్తుంది కనుక ఇంకో అరగంట ఓపిక. మీటరు ఉండగా కీ తిప్పకూడదు. సెల్ఫు వంద యాంపులకు పైనే లాగుతుంది, మీటరు ఫ్యూజు పోతుంది. క్లాంప్ మీటరుంటే, అది డీసీ కొలిచేదై ఉంటే, ఈ విప్పుడు బాధే లేదు.

అంకె ఎక్కువొస్తే ఒక్కో ఫ్యూజూ పీకి చూసేవాళ్లున్నారు. నాకది నచ్చదు. మళ్లీ పెట్టినప్పుడల్లా బండి లేచి లెక్క తప్పుతుంది. ఫ్యూజు నెత్తి మీద కనిపించే రెండు చుక్కల్లో మిల్లీవోల్టులు కొలిస్తే చాలు, కరెంటు పారని ఫ్యూజు మీద సున్నా వస్తుంది. అన్నీ సున్నా చూపినా కంగారు పడకండి. యాంప్లిఫయరు ఫ్యూజు పెట్టెలో ఉండదు, బ్యాటరీ పక్కనే దాని వైరు మీద విడిగా వేలాడుతుంటుంది. అదీ సున్నాయే చూపితే ఆల్టర్నేటరు డయోడును అనుమానించాలి. డ్యాష్‌క్యామూ, జీపీఎస్ పెట్టే ఉన్నవాళ్లు వాటినీ లెక్కలో వేసుకోవాలి.

కళింగపట్నం, బారువ, భావనపాడు వైపు వాళ్లకు ఇంకోటి చెప్పాలి. ఉప్పుగాలికి తేమా దుమ్మూ కలిసి బ్యాటరీ నెత్తి మీద పొర కడుతుంది. ఆ పొర మీదుగానూ కరెంటు మెల్లగా జారిపోతుంది. మీటరు ఒక ముల్లు నెగెటివ్ మీద, రెండోది బ్యాటరీ మూత ప్లాస్టిక్ మీద పెట్టి చూడండి. వోల్టులు కనిపిస్తే తినే సోడా నీళ్లతో తుడిచి, ఆరాక టెర్మినళ్లకు వాజలీన్ రాయండి.

బ్యాటరీ బాగా దిగి నాలుగు రోజులు అలాగే పడుంటే లోపలి పలకల మీద సల్ఫేటు గట్టిపడుతుంది. 12.6 వోల్టులు చూపాల్సింది 12 కిందికి పోయి నిలబడితే, ఒక్కోసారి తర్వాత ఎంత చార్జి చేసినా పాత సత్తువ రాదు. అందుకే కొత్తది కొనే ముందు ఆటో ఎలక్ట్రీషియన్ని ఒక్కటే అడగండి: "కీ తీశాక ఎంత తాగుతోంది బాబూ, కొలిచి చెప్పు." మీటరు తీసి, అరగంట ఆగి అంకె చెప్పే కుర్రాడు మీ ఊళ్లో ఉంటే ఆ పనికి అడిగిన డబ్బు మారు మాట్లాడకుండా ఇవ్వండి.

ఇక ఉద్దానంలో కారు వదిలి నెలల తరబడి దూరాలకు పనికెళ్లే వాళ్లు, బయల్దేరే ముందు నెగెటివ్ టెర్మినల్ విప్పేసి వెళ్లండి. తిరిగొచ్చి బిగించాక టైము సరిచేసుకోవాలి, కొన్ని కార్లలో పవర్ విండోలకు మళ్లీ నేర్పాలి. కొన్ని స్టీరియోలు కోడ్ అడుగుతాయి. ఆ నంబరు ఎక్కడుందో విప్పకముందే వెతికి పెట్టుకోండి.