ఇసుకలో తొలి అక్షరము

భద్రాచలమునకు ఎగువన, గోదావరి తీరమున దుమ్ముగూడెమును తలచినప్పుడెల్ల, నా మనస్సు అచ్చటి పాత ఆనకట్టకంటె పసిపిల్లల పలకల చెంతకే పోవుచుండును. నదిని నౌకాయానమునకు అనువుపరుపవచ్చిన హేగ్ అను ఇంజనీరే 1860 ప్రాంతమున కోయల నడుమ క్రైస్తవ సేవకు బీజము నాటెను. ఆ వెనుక వచ్చిన కెయిన్ అను మిషనరీ దొర కోయల భాషను శ్రద్ధతో అభ్యసించెను. బోధింపవచ్చినవాడు తానే ముందుగా నేర్చుకొనుట ఎంతటి ఉదాత్తమైన క్రమము!

ఇక పసిపిల్లల పలకల మాటకు వచ్చినచో, 1837లో జర్మనీ దేశమున శిశువిద్యకు నూతన మార్గమును తెరచిన ఫ్రోబెల్, మతాచార్యుని తనయుడు, శైశవమున ఆటయే విద్య యని గ్రహించెను. ఆ సత్యమును ఆచరించుటకు మన అడవి అంచున సామగ్రికి కొఱత యేమి? లెక్కకు చింతగింజలు, పరిమళమునకు ఇప్పపూలు, ఆకృతికి తునికాకులు, అక్షరమునకు ఏటి ఇసుక చాలవా?

ప్రార్థనకై చేతులు జోడించిన శిశువు తొలుత నేర్చునది సిద్ధాంతము కాదు. క్షణకాలము నిశ్శబ్దముగా నుండుట, అన్నము పంచుకొనుట, పడినవానికి చేయందిచ్చుట. శిష్యులు అదలించిన పసివారిని అక్కున జేర్చుకొనిన క్రీస్తు పేర వెలసిన బడికి ఇంతకు మించిన పాఠ్యక్రమము లేదు.

అయితే, ఇంట కోయభాషలో ముచ్చటలాడు బిడ్డ, బడిలో ఒక్కసారిగా అపరిచితమైన తెలుగు వినవచ్చినంతనే మూగవోవును. ఆ మౌనమును మందబుద్ధి యని భ్రమించుట మహాపరాధము. అమ్మ పలికించిన మాటతోనే ఆ బిడ్డను పలుకరించు పంతులమ్మ యున్నచోట, ఇసుకలో వ్రాసిన అక్షరము గాలికి చెరిగినను హృదయమున చెరగదు.