మన గెడ్డ భీమిలి దాకా పోతుంది



మన హాస్టల్లో ఎవరి పెట్టెలో ఎన్ని గచ్చకాయలు ఉన్నాయో నాకు తెలుసు. ఆరో తరగతి పిల్లల దగ్గరే ఎక్కువ. స్టడీ అవర్ గంట కొట్టగానే వరండాలో ఆట మొదలు. నేలకి రుద్ది పక్కదాని చేతి మీద చురక పెట్టటం కూడా వాళ్ళే. నా దగ్గర ఐదు ఉన్నాయి. అవి మా అమ్మ ఆడుకున్నవి. అమ్మకి వాళ్ళ అక్క ఇచ్చిందట. బూడిద రంగు తగ్గలేదు, ఒక్కటీ పగల్లేదు.

గచ్చ అంటే ముళ్ళ తీగ, కాయ మీద కూడా ముళ్ళే. కొండ కింద ఊళ్ళలో చేలకి కంచెగా వేస్తారు. అది సముద్రం ఒడ్డున కూడా బాగా పెరుగుతుందని మన సైన్సు మాష్టారు చెప్పేరు. గింజ పెంకు చాలా గట్టిది, నీళ్ళ మీద తేలుతుంది. అలల్లో నెలల తరబడి కొట్టుకుపోయి వేరే దేశం ఒడ్డుకి చేరి, అక్కడ మొలుస్తుందట. మనం వరండాలో ఆడుకునేది సముద్రం దాటగలదని విని మా క్లాసంతా నవ్వేం. తర్వాత నేను ఒకటి బకెట్లో వేసి చూసేను. తేలింది.

అదే రోజు మాష్టారు ఇంకో సంగతి చెప్పేరు. 1997 ఫిబ్రవరి 13న ఇంగ్లండు దగ్గర సముద్రంలో టోకియో ఎక్స్‌ప్రెస్ అనే ఓడని పెద్ద అల కొట్టింది. 62 పెట్టెలు నీళ్ళలో పడిపోయేయి. మన సరుకుల లారీ అంతేసి పెట్టెలు. ఒక దాంట్లో లెగో అనే ప్లాస్టిక్ బొమ్మల ముక్కలు 47 లక్షల పైచిలుకు ఉన్నాయి. విచిత్రం ఏమిటంటే వాటిలో చాలా మటుకు సముద్రం బొమ్మలే, ఆక్టోపస్‌లు, ఈతగాళ్ళ కాలి తొడుగులు, అలాంటివి. కార్న్‌వాల్ అనే చోట ఇసకలో ఆ ముక్కలు ఇప్పటికీ దొరుకుతున్నాయి. వాటిని ఏరి దాచుకునేవాళ్ళు కూడా ఉన్నారట. అక్కడి శాస్త్రవేత్తలు ఒడ్డుకి కొట్టుకొచ్చిన పాత లెగో ముక్కలు తెచ్చి పరీక్ష చేసి, ఒక ముక్క సముద్రంలో 100 ఏళ్ళ నుంచి 1,300 ఏళ్ళ దాకా ఉండగలదని 2020లో చెప్పేరు.

1,300 ఏళ్ళు! మా తాతకి తాత పేరే మా ఇంట్లో ఎవరికీ తెలీదు.

ఇదంతా ఇంగ్లండు సంగతి, మనకెందుకు అంటారు. అందుకే భీమిలి సంగతి రాస్తున్నాను. మేము ఎనిమిదిలో ఉండగా జనవరి నెలలో మనవాళ్ళని విహారయాత్రకి తీసుకెళ్ళేరు కదా. లైట్‌హౌస్, డచ్చివాళ్ళ సమాధులు చూసేం. అవి తొందర తొందరగా చూపించేసేరు. నేను సముద్రం చూడటం అదే మొదలు, దాని గురించి వేరే రాస్తాను, ఇక్కడ చోటు చాలదు.

ఇసకలో గవ్వలు ఏరుకోమన్నారు. గవ్వలు నాకు నాలుగు దొరికేయి. మిగతావి ఏం దొరికేయంటే బెలూను పుల్లలు, బిస్కట్ కాగితాలు, చిన్నపిల్లల చెప్పు ఒకటి, బొమ్మ చెయ్యి ఒకటి (వేళ్ళు కూడా ఉన్నాయి, చూసి భయపడ్డాం), ఒక నల్ల చక్రం. ఆ చక్రం నాకు బాగా తెలిసినదే. మన సంతలో 30 రూపాయలకి అమ్మే ఎర్ర జీపుకి ఉంటుంది సరిగ్గా అలాంటిది. మా తమ్ముడికి కూడా అదే జీపు ఉంది.

కొంచెం అవతల జాలర్లు వల లాగుతున్నారు. ఒకామె కూర్చుని చేపలు ఏరుతోంది. చేపలు ఒక బుట్టలోకి, కవర్లు ఒక పక్కకి. మేము చుట్టూ చేరేం. "ఏటమ్మా అలా సూత్తన్నారు? సేపలకన్నా ఈటినేరడానికే పొద్దు పోతంది" అంది. ఎక్కడినుంచి వచ్చేరని అడిగింది. అనంతగిరి వైపు నుంచి అన్నాం. "అయితే పైనోళ్ళా! మీ నీళ్ళే కదే ఇక్కడికొచ్చేది" అని ఏరు వైపు చెయ్యి చూపించింది.

అక్కడే గోస్తని సముద్రంలో కలుస్తుంది. సోషల్ టీచరు మ్యాపు మీద చెప్పినప్పుడు నేను పరీక్ష కోసం బట్టీ పట్టేను అంతే. గోస్తని మన అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల కిందుగా వెళ్ళి, తాటిపూడి రిజర్వాయరులో పడి, భీమిలి దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. ఇది పుస్తకం మాట. ఆమె చెయ్యి చూపించినాక నాకు అర్థమైంది, మన స్కూలు కింద గెడ్డ కూడా అందులోనిదే. మనం పళ్ళేలు కడిగేది, బట్టలు ఉతికేది, ఆదివారం తలంట్లు పోసుకునేది ఆ నీళ్ళతోనే.

ఆ చక్రం మన వైపు నుంచే వచ్చిందని నేను అనటం లేదు. భీమిలి పిల్లలదే అయ్యుండొచ్చు. మధ్యలో తాటిపూడి ఆనకట్ట ఉంది, అక్కడే ఆగేది కొంత ఉంటుంది. కానీ ఆగితే మాత్రం మంచిదా? తాటిపూడి నీళ్ళు విశాఖపట్నం వాళ్ళు తాగుతారు. దారి ఉంది అని మాత్రమే నేను చెప్తున్నాను. దారి ఉన్నాక ఏదో ఒకటి వెళ్తూనే ఉంటుంది. జనవరి నుంచి మార్చి దాకా ఆ ఒడ్డుకే ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రిపూట వచ్చి ఇసకలో గుంట తవ్వి గుడ్లు పెడతాయి. నెలన్నర రెండు నెలల్లో పిల్లలవుతాయి. సముద్రంలో తేలే కవరుని జెల్లీ చేప అనుకుని తాబేళ్ళు మింగేస్తాయట.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మొన్న వేసవి సెలవుల్లో అటక మీద నుంచి అయ్య ఒక బండి దించేడు. అయ్య చిన్నప్పుడు మా తాత చేసి ఇచ్చిన చెక్కబండి. రెండు ఎద్దులు, ఒక కాడి, రెండు చక్రాలు, అన్నీ అంకుడు కర్రవే. ఒక ఎద్దుకి కొమ్ము లేదు. అంకుడు చెట్టు మీకు తెలుసు, కొమ్మ విరిస్తే పాలు కారతాయి. కర్ర తెల్లగా, మెత్తగా ఉంటుంది, చెక్కటం తేలిక. అయ్య ఆడుకున్నాడు, మా చిన్నాన్నలు ఆడుకున్నారు, నేను ఆడుకున్నాను, ఇప్పుడు తమ్ముడు. చెదలు పట్టకుండా పొయ్యి పైన అటక మీద పెడతారు, పొగకి నల్లబడింది. ఎప్పుడో ఒకనాడు పుచ్చిపోతుంది. పుచ్చిపోతే పెరట్లో వేస్తే చాలు, రెండు వానలకి మట్టే.

ఈ అంకుడు కర్రతోనే ఏటికొప్పాక బొమ్మలు చేస్తారు. ఏటికొప్పాక అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉంది. కర్రని తిప్పుతూ దాని మీద రంగు లక్క అదిమితే, ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్ది మెరుగు పెడతారు. పసుపు, నీలి, జాఫ్రా గింజలు, ఇవే రంగులు. జాఫ్రా మన ఏజెన్సీలో కూడా పండుతుంది. చిన్నపిల్ల నోట్లో పెట్టుకున్నా భయం లేదు. 2017లో ఈ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. చెట్ల నుంచి తీసే రంగులు మళ్ళీ వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చేరు. 2025 జనవరి 26న ఢిల్లీలో మన రాష్ట్రం శకటం కూడా ఏటికొప్పాక బొమ్మలదే. టీవీలో చూసి మనం చప్పట్లు కొట్టేం.

చప్పట్లు బాగానే కొట్టేం గానీ మన హాస్టల్లో ఒక్కరి దగ్గర కూడా ఏటికొప్పాక లక్కపిడతలు లేవు. ఎందుకంటే ఆ సెట్టు ఖరీదులో సంతలో ప్లాస్టిక్ జీపులు చాలా వస్తాయి. మా అయ్య అల్లం అమ్మిన రోజు తమ్ముడు ఏడిస్తే జీపే కొంటాడు. అందుకు అయ్యని నేను తప్పు పట్టను. ప్లాస్టిక్ కొనొద్దు అని పోస్టరు రాయటం తేలిక, తమ్ముడు సంతలో దొర్లి ఏడుస్తుంటే ఆ పోస్టరు పనికి రాదు. 2022 జూలై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నింటిని దేశమంతా నిషేధించేరు, స్ట్రాలు, గ్లాసులు, బెలూను పుల్లలు లాంటివి. బొమ్మలు ఆ లిస్టులో లేవు. కానీ రెండు రోజులకే విరిగిపోయే బొమ్మ ఒక్కసారి వాడి పారేసేది కాదా అని నా ప్రశ్న.

తమ్ముడి జీపు కూడా అలాగే విరిగింది. మూడోనాడే రెండు చక్రాలు ఊడి గెడ్డలో పోయేయి. అవతల పారేస్తానంది అమ్మ. అయ్య ఊరుకోమని, పొయ్యిలో పెట్టే కర్రల్లోంచి ఎండిన అంకుడు ముక్క తీసి, కత్తితో రెండు చక్రాలు చెక్కి, వెదురు పుల్ల ఇరుసు చేసి బిగించేడు. ఆ జీపు రెండేళ్ళ బట్టి నడుస్తోంది. ముందు చక్రాలు నల్లవి, వెనక చక్రాలు తెల్లవి. తమ్ముడికి ఇప్పుడు అదంటేనే గొప్ప, అలాంటిది ఊళ్ళో ఇంకెవరికీ లేదు కదా.

బట్టల సంగతి కూడా ఇలాంటిదే. మా వైపు పుట్టిన బిడ్డకి కొత్త బట్ట వెయ్యరు. ఆరోగ్యంగా పెరిగిన పిల్ల వేసుకున్న పాత బట్ట అడిగి తెచ్చి వేస్తారు. మెత్తగా ఉంటుంది, ఆ పిల్ల బలం కూడా వస్తుందని మా అవ్వ అంటుంది. బలం సంగతి ఏమో గానీ మెత్తన మాత్రం నిజం. మా ఇంట్లో ఒక ఎర్రపూల నూలు గౌను ఉండేది. మా పెద్దత్త కోసం కొన్నది. తర్వాత చిన్నత్త, ఆమె పిల్లలు, నేను, మా చెల్లి, అందరం అందులోనే పెరిగేం. చంకల్లో చిరిగితే అతుకు, అంచు పోతే ఇంకో అంచు. ఆఖరికి మసిగుడ్డ అయ్యింది, మొన్న వెళ్తే అదీ లేదు, అరిగిపోయింది.

చెల్లికి పోయిన సంక్రాంతికి తళుకుల గౌను కొన్నారు. చూడటానికి సినిమా వాళ్ళ దానిలా ఉంది. ఉతికిన ప్రతిసారీ తళుకులు ఊడిపోయేయి. మా అల్లం మడిలో మెరుస్తుంటే అవ్వ పురుగులనుకుంది. అవి కూడా ప్లాస్టిక్కే. తళుకులే కాదు, పాలిస్టర్ గుడ్డ దారమే ప్లాస్టిక్కని, ఉతికినప్పుడు కంటికి కనపడని నూగు నీళ్ళలో కలుస్తుందని మాష్టారు చెప్పేరు. పట్నంలో పాత నూలు గౌన్లు, పాత చెక్కబొమ్మలు వెతికి మరీ ఎక్కువ డబ్బిచ్చి కొనుక్కునే వాళ్ళు ఉన్నారని విన్నాను. మా అవ్వతో చెప్తే నమ్మలేదు. "మరి ఆళ్ళు మనకి కొత్తవెందుకు పంపుతన్నారే?" అంది.

ఆ మాట మీదే వార్డెన్ మేడమ్‌గారికి ఒక మనవి. రెండేళ్ళ కిందట పట్నం నుంచి కొందరు మంచివాళ్ళు వచ్చి మన చిన్న తరగతుల పిల్లలకి మూడు పెట్టెల బొమ్మలు ఇచ్చేరు. పిల్లలు ఎంతో సంతోషించేరు, నేను కాదనను. ఇప్పుడు వాటిలో చాలా మటుకు విరిగిపోయి స్టోరు రూము వెనక గోతి పక్కన గోనెసంచిలో ఉన్నాయి. ఆ గోయ్యి వానాకాలం నిండి గెడ్డలోకి పొర్లుతుందని మనందరికీ తెలుసు. పోయిన ఏడాది పొర్లినప్పుడు చెప్పులు, పేస్టు డబ్బాలు వెళ్ళిపోవటం డాబా మీంచి చూసేం. కాల్చేద్దామని కొందరు అంటున్నారు. కాలిస్తే ఆ పొగ వాసన డార్మెటరీలోకే వస్తుంది, దగ్గు కూడా.

నేను, నా స్నేహితురాళ్ళు ఇద్దరు కలిసి పోయిన ఆదివారం సంచి కుమ్మరించి లెక్క పెట్టేం. మొత్తం 58. అందులో 19 బళ్ళు, లారీలు, చక్రాలు మాత్రమే పోయేయి. 7 బొమ్మలకి చేతులో కాళ్ళో ఊడేయి గానీ దారంతో కట్టొచ్చు. మిగతా 32 పనికి రావు. సరుకుల వ్యాను కిందికి ఖాళీగా దిగుతుంది కదా, ఆ 32 మూట కట్టి డ్రైవరు అన్నకి ఇస్తే పాత బకెట్లు కొనే దుకాణంలో పడేస్తానన్నాడు. మేడమ్‌గారు ఒప్పుకుంటే చాలు. వానలు గట్టిపడకముందే అయిపోవాలి.

19 బళ్ళకి 43 చక్రాలు కావాలి. వాచ్‌మన్ తాత చెక్కుతానన్నాడు, కత్తి కూడా నూరి పెట్టుకున్నాడు. పచ్చి కర్ర వద్దంట, ఎండేటప్పుడు చక్రం పగులుతుందట. ఎవరైనా శనివారం ఇంటికి వెళ్తే ఎండిన అంకుడు కొమ్మ, మణికట్టంత లావుది, తీసుకురండి.

— 9వ తరగతి విద్యార్థిని